స్కైడైవింగ్ స్టంట్లలో అసలు ప్రమాదం ఎక్కడుంది? రెండేళ్లలో కొండ అంచున వింగ్‌సూట్ ఎగరవచ్చా?

డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్న మీరు గత నెలలో మొదటి టాండెమ్ జంప్ (ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని దూకడం) చేశారనీ, అప్పటి నుంచి అమెరికన్ స్కైడైవర్ ల్యూక్ ఐకిన్స్ పారాచూట్ లేకుండా వలలోకి దూకిన వీడియోనూ, బట్ట రెక్కలున్న వింగ్‌సూట్ వేసుకుని కొండ అంచులను రాసుకుంటూ ఎగిరే వీడియోలనూ పదే పదే చూస్తున్నారనీ రాశారు. వీళ్లకు ప్రాణభయం ఉండదా, ఇందులో వీళ్లకు దొరికేది ఏమిటి, ఇప్పుడు శిక్షణ మొదలుపెడితే రెండేళ్లలో నేనూ అక్కడికి చేరగలనా అన్నవి మీ మూడు ప్రశ్నలు. ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు ఈ సంగతి ఇంకా చెప్పలేదని కూడా ఒక మాట కలిపారు. దాని గురించీ చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా అరిజోనాలో ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో స్కైడైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. కొత్తవారికి మొదటి పాఠం చెప్పడం, లైసెన్స్ ఉన్నవారికి విమానం నుంచి వింగ్‌సూట్ ఎగరడం నేర్పించడం నా పని. కొండల మీద నుంచి నేను దూకను, కానీ దూకేవారితో కలిసి ఎగిరాను, వారిలో కొందరు నాకు ఆప్తులు.

సూటిగా జవాబు ఇది. రెండేళ్లలో మీరు మంచి స్కైడైవర్ కావచ్చు, విమానం నుంచి దూకి వింగ్‌సూట్‌లో ఎగరడం కూడా నేర్చుకోవచ్చు. కొండ అంచున ఎగరడానికి రెండేళ్లు చాలవు, దాన్ని ఇప్పుడే లక్ష్యంగా పెట్టుకోవద్దు. వాళ్లకు ప్రాణభయం ఉంది, ఎక్కువ కాలం బతికి ఉన్నవాళ్లలో అది మరీ ఎక్కువగా ఉంది. స్టంట్‌ను ప్రమాదకరంగా మార్చేది ఎత్తు, వేగం అని బయటి నుంచి చూసేవారు అనుకుంటారు. నా అనుభవంలో ప్రమాదమంతా ఒక్క చోటే ఉంటుంది: ఏదైనా తేడా జరిగినప్పుడు సరిదిద్దుకోవడానికి మిగలవలసిన రెండో అవకాశాన్ని ఆ స్టంట్ ఎంతవరకు తినేసిందన్న దగ్గర. ఏ వీడియో చూసినా మీరు వేసుకోవలసిన ప్రశ్న అదే.

ఇది అర్థం కావాలంటే మామూలు జంప్‌లో ఆ రెండో అవకాశం ఎలా అమరి ఉంటుందో తెలియాలి. మీరు టాండెమ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టి ఉన్నారు గనుక అదంతా ఆయనే చూసుకున్నారు, మీకు కనబడి ఉండదు. సుమారు 13,000 అడుగుల ఎత్తున విమానం వదిలిన మనిషి మొదటి 1,000 అడుగులు పడటానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ తరువాత గాలి నిరోధం శరీరం బరువుకు సమానమై, వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. అక్కడి నుంచి ప్రతి 1,000 అడుగులకూ అయిదున్నర సెకన్లు. అమెరికాలో మొదటి స్థాయి 'ఏ' లైసెన్స్ ఉన్నవారు 3,000 అడుగులకు తగ్గకుండా పారాచూట్ తెరవాలన్నది నియమం. తెరుచుకున్నది సరిగా లేకపోతే, దాన్ని వదిలేసి రిజర్వ్, అంటే అదనంగా ఉండే రెండో పారాచూట్, తెరవాలన్న నిర్ణయం 2,500 అడుగుల దగ్గరే జరిగిపోవాలి. ఈ అంకెల వెనక ఉన్న లెక్క ఒకటే. మనిషి ముందు అర్థం చేసుకోవాలి, ఆపైన నిర్ణయించుకోవాలి, ఆపైన చెయ్యి కదపాలి. ఈ మూడింటికీ సెకన్లు మిగలాలి.

మీరు శిక్షణకు వస్తే మొదటి రోజే మిమ్మల్ని పైకప్పుకు బిగించిన హార్నెస్‌లో వేలాడదీస్తాం. ఛాతీకి కుడివైపు ఎర్రని మెత్తటి పిడి ఉంటుంది, దాన్ని లాగితే చెడిపోయిన పారాచూట్ భుజాల దగ్గరి మూడు రింగుల అమరిక నుంచి విడిపోయి పోతుంది. ఎడమవైపు వెండి రంగు పిడి రిజర్వ్‌ది. 'ఎర్రది చూడు, ఎర్రది పట్టుకో, వెండిది చూడు, వెండిది పట్టుకో, ఎర్రది లాగు, వెండిది లాగు' అని గొంతెత్తి చెబుతూ, చేతులు వాటంతట అవే వెళ్లేంతవరకు చేయిస్తాం. కొందరు ఇదేమిటి చిన్నపిల్లల ఆటలా అని సిగ్గుపడతారు. నేను ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వను, ఎందుకంటే తలపైన పారాచూట్ మెలి తిరిగి గిరగిరా తిప్పుతున్నప్పుడు ఆలోచన పనిచేయదు, చేతికి అలవాటైనదే పనిచేస్తుంది.

ఇది కూడా జరగకపోతే ఇంకొక పొర ఉంది. రిజర్వ్ సంచిలో ఒక చిన్న పరికరం గాలి పీడనాన్ని కొలుస్తూ ఉంటుంది. మనిషి ఇంకా ఫ్రీఫాల్ (పారాచూట్ తెరవకుండా పడటం) వేగంతోనే పడుతూ సుమారు 750 అడుగులకు చేరితే, రిజర్వ్‌ను మూసి ఉంచిన తాడును అది తానే కోసేస్తుంది. 1991లో జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోట్ తీసుకువచ్చిన సైప్రెస్ ఈ రకం పరికరాలను నమ్మదగినవిగా చేసింది. స్పృహ తప్పినవారినీ, ఎత్తు మరిచిపోయినవారినీ అది కాపాడింది. రిజర్వ్‌ను అమెరికాలో ప్రతి 180 రోజులకు ఒకసారి లైసెన్స్ ఉన్న రిగ్గర్ (పారాచూట్లను సరిచూసి మడిచే నిపుణుడు) విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాలి.

ఇన్ని పొరలు ఉన్నాయి గనుకనే అంకెలు ఇలా ఉన్నాయి. 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంపులు జరిగితే 10 మంది చనిపోయారని అక్కడి పారాచూట్ సంఘం లెక్క చెప్పింది. 1970ల దశకంలో ఏడాదికి సగటున 40 మందికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు అదే అంకెను బేస్ జంపింగ్ పక్కన పెట్టండి. భవనాలు, టవర్లు, వంతెనలు, కొండల మీద నుంచి ఒకే పారాచూట్‌తో దూకడాన్ని బేస్ జంపింగ్ అంటారు. నార్వేలోని కెరాగ్ కొండ మీద నుంచి 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 జంపులను వైద్యులు పరిశీలిస్తే తొమ్మిది మరణాలు తేలాయి, అంటే దాదాపు ప్రతి 2,300 జంపులకు ఒక ప్రాణం. రెండు లెక్కల కాలమూ, దూకిన మనుషులూ వేరు గనుక పక్కపక్కన పెట్టి సరిగ్గా భాగించడం న్యాయం కాదు. అయినా తేడా వంద రెట్లకు పైగానే ఉందన్నది దాచలేని సంగతి. పైగా కెరాగ్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తున్న, కింద ఖాళీ ఉన్న కొండ, బేస్ జంపర్లు అనువైనదిగా భావించే చోటు. 500 అడుగుల వంతెన మీద నుంచి దూకినవారికి పారాచూట్ తెరవకపోతే నేలను తాకడానికి ఆరు సెకన్లే. అంత తక్కువ సమయంలో రెండోది తెరవడం సాధ్యం కాదు గనుకనే బేస్ సంచిలో రిజర్వ్ పెట్టరు.

ఇక ఐకిన్స్ సంగతి. 2016 జూలై 30న కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో ఆయన 25,000 అడుగుల ఎత్తు నుంచి పారాచూట్ లేకుండా దూకి, రెండు నిమిషాల తరువాత 100 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న వలలో పడ్డారు. చూసినవారు దీన్ని సాహసాల్లోకెల్లా పిచ్చి సాహసం అంటారు. నా వృత్తిలో ఉన్నవారు చూసేది వేరు. అప్పటికి ఆయన ఖాతాలో సుమారు 18,000 జంపులు ఉన్నాయి, వాళ్ల కుటుంబంలో ఆయనది మూడో తరం. స్టంట్‌ను ఆయన ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కనూ పారాచూట్ వేసుకుని మళ్లీ మళ్లీ చేశారు: అంత ఎత్తు నుంచి అంత చిన్న చదరానికి సూటిగా రావడం, దారి తప్పితే రంగు మారి చెప్పే దీపాలను నేల మీద అమర్చుకుని వాటిని బట్టి దిద్దుకోవడం, చివరి క్షణంలో వెల్లకిలా తిరగడం. వెల్లకిలా తిరగకపోతే వల శరీరాన్ని వెన్నెముక వంగని దిక్కుకు వంచేస్తుంది. ఆ పైఎత్తున గాలి పలుచన గనుక ఆక్సిజన్‌తో దూకి, కొంత కిందికి వచ్చాక ఆ పరికరాన్ని పక్కన పడుతున్న సహచరుడికి అందించారు. టీవీలో ప్రసారమయ్యే జంప్ గనుక నటుల సంఘం పారాచూట్ తగిలించుకోవాలని షరతు పెట్టినప్పుడు, వీపు మీద ఆ సంచి ఉంటే వలలో పడేటప్పుడు అదే తనను గాయపరుస్తుందని ఆయన చెప్పారు. దూకడానికి కాస్త ముందే ఆ షరతును ఎత్తివేశారు.

ఇంత చెప్పాక కూడా నా మాట ఇదే: ఆయన ప్రమాదం జరిగే అవకాశాన్ని తగ్గించారు, జరిగితే వచ్చే ఫలితాన్ని తగ్గించలేదు. వల నుంచి పది అడుగులు పక్కకు పోతే మరో దారి లేదు. ఆయన నైపుణ్యానికి నేను తలవంచుతాను, కానీ ఆ స్టంట్‌ను ఎవరికీ ఆదర్శంగా చూపించను. 18,000 జంపుల మనిషికి కూడా ఒక్కసారికి మించి చేయదగినది కాదు అది.

అంతరిక్షపు అంచు నుంచి దూకినవారిని చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. 1960 ఆగస్టు 16న అమెరికన్ వైమానిక దళానికి చెందిన జోసెఫ్ కిట్టింగర్ 1,02,800 అడుగుల ఎత్తున బెలూన్ నుంచి దూకారు. అంతకు ముందటి ఏడాది ఆయన చేసిన ప్రయత్నంలో, పడేటప్పుడు శరీరాన్ని నిలకడగా ఉంచే చిన్న పారాచూట్ ముందే విచ్చుకుని మెడకు చుట్టుకుంది. గిరగిరా తిరుగుతూ ఆయన స్పృహ కోల్పోయారు. దానంతటదే తెరుచుకున్న రిజర్వ్ ప్రాణం నిలిపింది. 1962లో సోవియట్ పారాచూటిస్ట్ ప్యోత్ర్ దోల్గోవ్ అలాంటి ఎత్తునే బయటికి వస్తుండగా హెల్మెట్ అద్దానికి బీట వారింది. సుమారు 19 కిలోమీటర్ల పైన పీడనం ఎంత తక్కువంటే శరీరపు వేడికే నీరు మరుగుతుంది, అందుకే సూట్‌కు చిన్న చిల్లు పడినా మనిషి బతకడు. దోల్గోవ్ బతకలేదు.

2012 అక్టోబర్ 14న ఫీలిక్స్ బౌమ్‌గార్ట్నర్ న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ మీద దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి, గంటకు 1,357 కిలోమీటర్ల వేగంతో ధ్వనిని దాటడం మీరు చూసే ఉంటారు. అందులో ఆయన బొంగరంలా తిరిగిపోయే ఘట్టం చూసి అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ తిరుగుడు ఒక హద్దు దాటి ఆరు సెకన్లు కొనసాగి ఉంటే చిన్న పారాచూట్ దానంతటదే విచ్చుకునేలా ముందే ఏర్పాటు చేశారు. రేడియోలో ఆయనతో మాట్లాడుతున్నది 80 ఏళ్లు దాటిన కిట్టింగరే. రెండేళ్లు తిరిగాక, 2014 అక్టోబర్ 24న, గూగుల్‌లో ఉన్నతోద్యోగి అయిన అలన్ యూస్టేస్ అదే రోజ్‌వెల్ మీద 41,419 మీటర్ల నుంచి దూకి ఆ ఎత్తును దాటేశారు. ముందస్తు ప్రచారం లేదు, ప్రత్యక్ష ప్రసారం లేదు. చిన్న పారాచూట్‌ను మొదటి నుంచే వాడి నిలకడగా దిగారు, దానివల్ల అత్యధిక వేగం మాత్రం బౌమ్‌గార్ట్నర్‌కు కాస్త తక్కువగా వచ్చింది. వేగం కొంత వదులుకుని నిలకడను ఎంచుకున్న యూస్టేస్ పద్ధతి నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నింటికన్నా గౌరవించదగినదిగా కనబడుతుంది. ఆయన పేరు ఎంతమందికి తెలుసో మీరే చూడండి.

బౌమ్‌గార్ట్నర్ 2025 జూలై 17న ఇటలీలో మోటారు పారాగ్లైడర్ ఎగురుతూ కూలి మరణించారు. ఆ ఎత్తునే గెలిచినవాడు ఇలా పోవడమేమిటని చాలామంది ఆశ్చర్యపడ్డారు. గతంలో బయటపడిన సాహసం తరువాతి దానిలో మనల్ని కాపాడదు. ప్రతి జంప్ దానికదే కొత్త లెక్క.

మీరు ఆశపడుతున్న వింగ్‌సూట్‌కు వద్దాం. చేతుల కిందా, కాళ్ల మధ్యా బట్టతో గాలి నింపుకునే అరలు ఉండే ఈ సూట్ పడటాన్ని ముందుకు సాగడంగా మారుస్తుంది. ఒక మీటరు దిగేలోగా రెండున్నర, మూడు మీటర్లు ముందుకు పోవచ్చు. విమానం నుంచి దూకి మేఘాల పక్కన ఎగరడం నా జీవితంలో నేను అనుభవించిన గొప్ప ఆనందాల్లో ఒకటి, అది దాచను. అందులోనూ కష్టాలున్నాయి. చేతులు రెక్కల్లో ఇరుక్కుని ఉంటాయి గనుక పిడి దాకా చేరడానికి అదనంగా కొంత సమయం కావాలి. వీపు వెనక ఏర్పడే గాలి సుడిలో పైలట్ చూట్ (పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్నది) తడబడవచ్చు. పారాచూట్ తెరుచుకునేటప్పుడు ఒక భుజం కాస్త వంగినా తాళ్లు మెలి తిరుగుతాయి. అయితే ఇవన్నీ 5,000 అడుగుల ఎత్తున జరుగుతాయి, దిద్దుకోవడానికి ఖాళీ ఆకాశం ఉంటుంది. అమెరికాలో వింగ్‌సూట్‌కు కనీసం 200 జంపులు ఉండాలన్న నియమం ఇందుకే.

అదే సూట్‌తో కొండ పక్కన ఎగిరినప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఆల్టిమీటర్ సముద్ర మట్టం నుంచో, దిగే చోటు నుంచో ఎంత ఎత్తున ఉన్నామో చూపిస్తుంది తప్ప పక్కన నాలుగు మీటర్ల దూరంలో ఉన్న రాతిని చూపించదు. లోయలో కిందికి దిగే గాలి ఒక్కసారి తగిలితే, లెక్క వేసుకున్న దారి కొండ లోపలికి పోతుంది. రిజర్వ్‌ను తానే తెరిచే ఆ పరికరం కూడా ఇక్కడ ఉపయోగపడదు, ఎందుకంటే వింగ్‌సూట్‌లో కిందికి దిగే వేగం చాలాసార్లు అది స్పందించే హద్దు కన్నా తక్కువగా ఉంటుంది. బేస్ సంచిలో అసలు ఆ పరికరమే ఉండదు. ఇందులో పోయినవారు నేర్చుకుంటున్నవారు కాదని గమనించండి. ఈనాటి వింగ్‌సూట్‌కు ఆద్యుడైన పాట్రిక్ ద గాయార్దో 1998 ఏప్రిల్‌లో హవాయిలో తన పరికరాల్లో చేసిన మార్పును పరీక్షిస్తూ మరణించాడు. డీన్ పాటర్, గ్రాహం హంట్ 2015 మే 16న యోసెమిటీలోని టాఫ్ట్ పాయింట్ నుంచి దూకి ఇద్దరూ తిరిగి రాలేదు. 2012 జనవరిలో దక్షిణాఫ్రికాలోని టేబుల్ మౌంటెన్ మీద రాతి అంచుకు తగిలి కాళ్లు విరిగినా జెబ్ కార్లిస్ బతికాడు. అంత వేగంతో రాతిని తాకి బతకడం చాలా అరుదు.

నా స్నేహితుడొకడు యూరప్ కొండల్లో కొన్నేళ్లపాటు ఇలా ఎగిరాడు. మహా జాగ్రత్తపరుడు, ప్రతి దారినీ నోటుపుస్తకంలో గీసుకునేవాడు, చెట్లకూ రాళ్లకూ ఎంత దూరం ఉండాలో రాసుకునేవాడు. ఒక వేసవిలో వరసగా ఒకే దారిలో ఎగిరి, చివరికి ఆ వీడియోలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒక దేవదారు చెట్టు కొమ్మ దగ్గరికి తాను రోజురోజుకూ జరుగుతూ వచ్చినట్టు కనబడింది. దగ్గరగా పోవాలని అతను ఏ రోజూ అనుకోలేదు. నిన్న ఏమీ కాలేదు గనుక శరీరం తానే దూరాన్ని తగ్గించుకుంది. ఆ సూట్‌ను అతను ఇప్పటికీ వాడుతున్నాడు, విమానం నుంచి దూకడానికి మాత్రమే. నైపుణ్యం పెరిగే వేగం కన్నా భయం తగ్గే వేగం ఎక్కువ, ఈ ఆటలో నేను చూసిన అత్యంత నిజమైన ప్రమాదం అదే.

మామూలు స్కైడైవింగ్‌లో కూడా ఇది కనబడుతుంది. పరికరాలు ఎంత భద్రంగా మారితే మనుషులు అంత కొత్త సాహసం మొదలుపెడతారు. నాకు తెలిసిన ఒక అనుభవజ్ఞుడు చిన్న, వేగవంతమైన పారాచూట్ కింద నేలకు దగ్గరగా పదునైన మలుపు తిప్పి, గడ్డి మీద దూసుకుంటూ దిగడం అలవాటు చేసుకున్నాడు. ఒకరోజు ఆ మలుపు కాస్త తక్కువ ఎత్తున మొదలైంది. తుంటి ఎముక విరిగింది, ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. ఆయన తలపైన పారాచూట్ చక్కగా, పూర్తిగా తెరుచుకుని ఉంది. అసలు పారాచూట్ తెరుచుకోకపోవడమే స్కైడైవర్లను చంపుతుందని బయటివారు అనుకుంటారు, కానీ మంచి పారాచూట్ కిందే దిగేటప్పుడు గాయపడేవారు, చనిపోయేవారు ప్రతి ఏటా ఉంటారు.

ఇక ఆకర్షణ గురించి. గుండె వేగంగా కొట్టుకునే ఉత్సాహం కోసమే ఇదంతా అనుకుంటే మొదటి కొన్ని జంపులకే అది సరిపోతుంది. ఆ తరువాత గుండె దడ తగ్గిపోతుంది, అయినా జనం వస్తూనే ఉంటారు. పడుతున్నట్టు కడుపులో తిప్పడం ఉండదని మీకు టాండెమ్‌లోనే తెలిసి ఉంటుంది. గాలి మంచంలా పట్టుకుంటుంది. అరచేతిని కొంచెం వంచితే శరీరం మొత్తం తిరుగుతుంది, మోకాలు కాస్త చాపితే ముందుకు జరుగుతుంది. ఆ నిమిషంలో వీసా గడువు, బ్యాంకు లోను, ఆఫీసులో అన్న మాట, ఏవీ మనసులోకి రావు. రాకూడదని మనం ప్రయత్నించనక్కర్లేదు, చోటు ఉండదు అంతే. నా దగ్గర నేర్చుకున్న తెలుగువాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ముందు పన్నెండు గంటలు కూర్చునేవాళ్లే. వాళ్లు తిరిగి వచ్చేది ఈ ఏకాగ్రత కోసం, తన శరీరం ఒక కష్టమైన పనిని చక్కగా చేయగలుగుతున్నదన్న తృప్తి కోసం, నేల మీదకు దిగాక అదే అనుభవం పంచుకున్న నలుగురితో మాట్లాడటం కోసం. స్టంట్లు చేసేవారిని లాగేది కూడా చాలావరకు ఇదే, కాకపోతే వారికి మామూలు జంప్‌లో ఆ ఏకాగ్రత అందడం మానేసి ఉంటుంది. అలాంటప్పుడు అంచును దగ్గరికి తెచ్చుకోవడం ఒక దారి. కొత్త నైపుణ్యం నేర్చుకోవడం ఇంకో దారి: నిలువుగా తలకిందులుగా పడటం, పదహారు మంది చేతులు పట్టుకుని గాలిలో ఆకారాలు కట్టడం, ఇవేవీ రెండో అవకాశాన్ని తినవు, ఏళ్ల తరబడి నేర్చుకున్నా తరగవు.

ఈ లెక్కను చెడగొట్టేది కెమెరా. అమెరికాలో 200 జంపులకు ముందు కెమెరా పెట్టుకోవద్దని చెబుతారు, కొత్తవారికి ఇది చాదస్తంగా కనబడుతుంది. కెమెరాకు పారాచూట్ తాడు తగులుకోవడం ఒక ప్రమాదం. అంతకన్నా పెద్దది చూపు మరలడం. వంద జంపులు కూడా పూర్తికాని ఒక కుర్రాడు విమానం తలుపు దగ్గర నిలబడి తన ఛాతీ పట్టీని సరిచూసుకోకుండా హెల్మెట్ మీద ఎర్ర దీపం వెలుగుతోందా అని పక్కవాడిని అడుగుతుంటే చూసి, ఆ జంప్‌కు నేను అతన్ని కూర్చోబెట్టేశాను. 1988లో ఉత్తర కరోలినాలో వందల జంపుల అనుభవమున్న ఒక వీడియోగ్రాఫర్ బరువైన కెమెరా సరంజామా వీపున వేసుకుని, పారాచూట్ వేసుకున్నాననుకుని దూకేశాడు. అతను తీసిన వీడియోలోనే అతని మరణం ఉంది. ఈ సంగతి విద్యార్థులకు చెప్పినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది, అయినా చెబుతాను.

కెమెరా వెనక డబ్బు, ప్రసార సమయం కూడా చేరితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 2022 ఏప్రిల్ 24న అరిజోనాలోని ఎలాయ్ దగ్గర ఐకిన్స్, ఆయన బంధువు ఆండీ ఫారింగ్టన్ రెండు చిన్న విమానాలను ముక్కు కిందికి వంచి వదిలేసి, ఒకరి విమానంలోకి మరొకరు మారే ప్రయత్నం చేశారు. ఒక విమానం అదుపు తప్పి గిరగిరా తిరిగిపోయింది. దానిలోకి చేరవలసిన ఫారింగ్టన్ పారాచూట్‌తో దిగారు, విమానం నేలపై కూలింది. ఈ ప్రయత్నానికి విమానయాన నియమాల నుంచి మినహాయింపు ఇవ్వబోమని అమెరికా విమానయాన అధికారులు రెండు రోజుల ముందే చెప్పారు, ఆ తరువాత ఇద్దరి పైలట్ లైసెన్సులనూ రద్దు చేశారు. అంతటి నిపుణుడైన ఐకిన్స్ 'వద్దు' అన్న మాట చేతికి వచ్చాక కూడా ఆగలేకపోవడం నన్ను బాధపెట్టింది. కింద నేల మీద ఉండే మామూలు మనిషి ఈ స్టంట్‌కు ఒప్పుకోలేదు, అతనికి ఏమైనా జరిగి ఉంటే ఏ నైపుణ్యమూ సమాధానం చెప్పలేదు.

అద్భుతంగా కనబడుతూనే భద్రతను తాకని స్టంట్ ఉండదా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. పుణెకు చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయ్‌లాండ్‌లో తొమ్మిది గజాల చీర కట్టుకుని 13,000 అడుగుల నుంచి దూకారు. చీర చెంగు పిడికి అడ్డం రాకుండా బిగించడమే అందులో అసలు పని, మిగతా ఎత్తులు, పారాచూట్లు అన్నీ మామూలువే. అదే ఆమె 2004 ఏప్రిల్ 18న ఉత్తర ధ్రువం మీద, అంతకు ముందు ఒక్క సాధన జంప్ కూడా లేకుండా 2,400 అడుగుల నుంచి దూకారు. ఆ ధైర్యానికి నమస్కరిస్తాను, ఆ పద్ధతిని మాత్రం నా విద్యార్థి ఎవరైనా అనుసరిస్తానంటే ఒప్పుకోను.

మీ రెండేళ్లకు నా సలహా ఇలా ఉంటుంది. మొదటి వేసవిలో శిక్షణ పూర్తి చేసి 25 జంపులతో 'ఏ' లైసెన్స్ తీసుకోండి. ఇవి దగ్గర దగ్గరగా చేయండి, నెలకు ఒకటి చొప్పున చేస్తే ప్రతిసారీ మొదటికి వస్తారు. డబ్బు మిగిలితే నిలువు గాలి సొరంగంలో శరీర నియంత్రణ నేర్చుకోండి. ఆ తరువాత పారాచూట్ నడపడం ప్రత్యేకంగా నేర్చుకోండి. అందరూ ఫ్రీఫాల్ మీద ఖర్చు పెట్టి దీన్ని వదిలేస్తారు, ఎముకలు విరిగేది ఇక్కడే. అవసరానికి మించి చిన్న పారాచూట్ కొనవద్దు, ఎవరైనా చవకగా అమ్ముతున్నా సరే. 200 జంపులు అయ్యాక చిన్న రెక్కలున్న సూట్‌తో, ఇన్‌స్ట్రక్టర్ పక్కన వింగ్‌సూట్ మొదలుపెట్టవచ్చు. చదువు పూర్తయి స్వదేశం వెళ్లినా సాధన ఆగనక్కర్లేదు, హర్యానాలోని నార్నౌల్ దగ్గర డ్రాప్ జోన్ (స్కైడైవింగ్ చేసే చోటు) ఉంది. కొండ గురించి ఎవరైనా రెండేళ్లలో తీసుకువెళతానని మాట ఇస్తే, ఆ మనిషి దగ్గర ఏదీ నేర్చుకోవద్దు.

బీమా విషయం కూడా చూసుకోండి. విద్యార్థులకు ఇచ్చే ఆరోగ్య బీమాలలోనూ, జీవిత బీమాలలోనూ స్కైడైవింగ్‌ను మినహాయించే షరతులు తరచుగా ఉంటాయి. ఆ పేజీ చదివి, అర్థం కాకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఒక కాలు విరిగి శస్త్రచికిత్స జరిగితే వచ్చే బిల్లు మీ రెండేళ్ల ఫీజును మించిపోవచ్చు.

ఇంట్లో చెప్పలేదన్నారు. జంప్‌కు ముందు సంతకం పెట్టే కాగితాల్లో అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో రాసే గడి ఉంటుంది. మన విద్యార్థులు చాలామంది అక్కడ రూమ్‌మేట్ పేరు రాస్తారు. అలా రాసినవారిని నేను పక్కకు పిలిచి అడుగుతాను: ఈ అబ్బాయి దగ్గర మీ నాన్నగారి నంబరు ఉందా, మీకు ఏ మందులు పడవో అతనికి తెలుసా, అర్ధరాత్రి ఖమ్మం ఫోన్ చేసి ఈ విషయం చెప్పగలడా? శిక్షణలో చేరేముందు ఇంటికి ఫోన్ చేసి, రిజర్వ్ సంగతి, ఆ పరికరం సంగతి, పైన రాసిన అంకెల సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రమాదం లేదని మాత్రం చెప్పవద్దు. వాళ్లు వద్దంటే ఏ భాగానికి భయపడుతున్నారో అడిగి తెలుసుకోండి. అందులో నేను జవాబు చెప్పగలిగినవి ఉంటే ఇక్కడే రాయండి, వాళ్లు నేరుగా మాట్లాడాలనుకున్నా నాకు అభ్యంతరం లేదు.